డబ్బు అందరి దగ్గరా ఒకటే, ఎయిర్ టైమ్ కొందరికే: ఒక కాలేజ్ ఫుట్‌బాల్ స్ట్రీమింగ్ ప్యాకేజీ రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండూ బొమ్మ క్వాలిటీకి, రికార్డింగ్ సదుపాయానికి. మిగతా మూడూ కోసింది ఆట చుట్టూ వాళ్లు చెప్పే మాటలకి, అంటే గేమ్‌కి ముందొచ్చే షోలు, హాఫ్ టైమ్ చర్చలు, మంగళవారం రాత్రి ర్యాంకింగుల ప్రోగ్రామ్, హైలైట్లు, కామెంటరీ. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే పేరు ఏదైనా లోపల ఛానెళ్లు అవే, మాట్లాడే మనుషులు వాళ్లే. అమెరికాలో మీరు ఏ లైవ్ టీవీ ప్యాకేజీ తీసుకున్నా నేను చెప్పేదాంట్లో ముప్పాతిక భాగం మీకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ నాది కాలేజ్ ఫుట్‌బాల్ పిచ్చి. నేను ఎమ్మెస్ చేసింది పుల్‌మన్‌లో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో. సియాటెల్ నుంచి తూర్పుకి ఐదు గంటలు కారులో వెళ్తే, కొలంబియా నది దాటాక గోధుమ చేలు కప్పుకున్న గుట్టల మధ్య, ఐడహో సరిహద్దుని ఆనుకుని ఉంటుంది ఆ ఊరు. స్టేడియంలో పట్టేది దాదాపు 33 వేల మంది. పెద్ద కాన్ఫరెన్సుల్లో (యూనివర్సిటీ టీములు కలిసి కట్టుకున్న లీగులు ఇవి) లక్షమంది కూర్చునే స్టేడియాలు ఉన్నాయి కాబట్టి మాది చిన్నదే. కానీ శనివారం ఆ చిన్న స్టేడియంలో కూర్చున్నవాళ్లకి ఆట చిన్నదేమీ కాదు. ఇంటికి ఎన్నో వేల మైళ్ల దూరంలో, ఎవరూ తెలియని ఊళ్లో, పక్క సీటు మనిషి టచ్‌డౌన్ పడగానే భుజం మీద చెయ్యేసి ఊపేస్తే ఆ టీమ్ మనది అయిపోతుంది. మా బ్యాచ్ తెలుగువాళ్లలో చాలామంది ఇప్పుడు సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ చుట్టూ ఉన్నారు, మేమందరం ఇప్పటికీ కూగ్సే. మా టీమ్ పేరు కూగర్స్, ఇక్కడ అలాగే పిలుస్తారు.

ఇక సర్వీస్ సంగతి. నెలకి 80 డాలర్లు దాటింది, ట్యాక్స్ వేరే. ఆగస్టులో తీసుకుని జనవరిలో ఆపేస్తాను. స్ట్రీమ్ ఆగదు, ఒకేసారి నాలుగు గేములు ఒకే స్క్రీన్ మీద చూడొచ్చు, రికార్డింగ్‌కి లిమిట్ లేదు. లైవ్‌కి అర నిమిషం పైనే వెనకుంటుంది కాబట్టి గేమ్ టైమ్‌లో వాట్సాప్ గ్రూపు తెరవకూడదు, అంతే. టెక్నికల్‌గా ఇంతకంటే చెప్పుకోవాల్సిన లోపం లేదు. ఇక్కడితో ఆపేస్తే ఐదు స్టార్లూ ఇచ్చేవాణ్ణి.

యాప్‌లో ఫేవరెట్ టీమ్ పెట్టుకోమని అడుగుతుంది. పెట్టాను. హోమ్ పేజీ తెరిస్తే అలబామా, జార్జియా, టెక్సస్, ఒహాయో స్టేట్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ప్రాక్టీస్‌లో మడమ పట్టుకున్నాడని ఒక వీడియో, ఆ వీడియో మీద నలుగురి చర్చ ఇంకో వీడియో, ఆ చర్చలో ఎవరో ఏదో అన్నారని మూడోది. మా టీమ్ వీడియో కావాలంటే సెర్చ్‌లో పేరు కొట్టాలి. దొరికిన హైలైట్ ఒకటిన్నర నిమిషం ఉంటుంది, అందులో మొదటి సగం అవతలి టీమ్ చేసిన పొరపాట్లు. మేం గెలిచినప్పుడు కూడా హెడ్డింగ్‌లో అవతలివాళ్లు ఓడిపోయారనే ఉంటుంది. ఫేవరెట్ అని అడగడం ఎందుకో నాకు అర్థం కాలేదు. కస్టమర్ సర్వీస్ చాట్‌లో అడిగితే ఎక్కువమంది చూసేవి పైన వస్తాయని జవాబిచ్చారు. పైన పెడితేనే కదా ఎక్కువమంది చూసేది!

ఒక రాత్రి గేమ్ గురించి చెప్తాను, ఇది బాగా గుర్తుంది. మూడో క్వార్టర్, మేం నాలుగు పాయింట్లు వెనకున్నాం, మూడో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఏడు గజాలు కావాలి. సరిగ్గా అప్పుడు స్క్రీన్ రెండు ముక్కలైంది. పెద్ద ముక్కలో ఇంకో కాన్ఫరెన్స్ కోచ్ ఇంటర్వ్యూ, ఆ రోజు వాళ్ల గేమ్ అయిపోయి చాలాసేపైంది, మనిషి నింపాదిగా కూర్చుని వచ్చే వారం ప్రత్యర్థి గురించి మాట్లాడుతున్నాడు. మా ఆట చిన్న ముక్కలో, సౌండ్ లేకుండా. మా వాడు బంతి విసిరాడు, రిసీవర్ సైడ్‌లైన్ మీద ఒంటి కాలి మీద నిలబడి పట్టాడు, అంపైర్ అవుట్ అని చేతులూపాడు. కాలు లోపల పడిందా, బయట పడిందా? మామూలుగా అయితే నాలుగు కోణాల్లో రీప్లే వేస్తారు. ఆ రోజు ఒక్కటి కూడా వెయ్యలేదు. ఇంటర్వ్యూ అయ్యాక కామెంటేటర్లు మా గేమ్‌కి తిరిగొచ్చేసరికి పంట్ (బంతిని తన్ని అవతలివాళ్లకి వదిలేయడం) కూడా అయిపోయింది. అసలేం జరిగిందో ఒక్క మాట లేదు. తర్వాత రేడియో కామెంటరీ విన్న ఫ్రెండ్ చెబితే తెలిసింది, స్టేడియంలో జనం ఆ క్యాచ్ గురించి పెద్ద గోల చేశారట.

ఆ ఇద్దరు కామెంటేటర్లకి మా ఆటగాళ్ల పేర్లు కూడా సరిగ్గా రావు. మా టీమ్‌లో సమోవా, టోంగా, హవాయి కుటుంబాల పిల్లలు ఎప్పుడూ ఉంటారు. గేమ్‌కి ముందు ఒక ఫోన్ చేసి కనుక్కుంటే ఆ పేర్లు ఎలా పలకాలో యూనివర్సిటీ వాళ్లు చెబుతారు, దానికోసమే అక్కడ మనుషులున్నారు. నాలుగు క్వార్టర్లూ ఒకే పిల్లాణ్ణి మూడు రకాలుగా పిలిచారంటే ముందురోజు ఎవరూ కాగితం తిరగెయ్యలేదనే అర్థం. ఈ దేశంలో మన పేర్లకి ఏం జరుగుతుందో మనకి తెలుసు కాబట్టి ఈ విషయంలో నాకు ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

ఇదంతా విని మా బావ (అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాడు, జార్జియా ఫ్యాన్) ఎప్పుడూ ఒకటే అంటాడు. "మీ గేమ్ మాకు రాత్రి పదిన్నరకి మొదలవుతుంది బావా, ఎవడు మేలుకుని చూస్తాడు? మా సైడ్ ఆట గట్టిది, అందుకే మాట్లాడతారు." రెండు మాటల్లోనూ నిజం ఉంది, కాదనను. 2006 నుంచి 2012 దాకా వరుసగా ఏడు నేషనల్ టైటిళ్లు ఎస్‌ఈసీ (జార్జియా, అలబామా ఉన్న దక్షిణాది కాన్ఫరెన్స్) టీములే గెలిచాయి. ఆ ఆటని తక్కువ చేసి మాట్లాడేవాడికి ఫుట్‌బాల్ తెలియదనే అంటాను. కానీ పదిన్నర సంగతి వేరు. మాకు సాయంత్రం ఏడున్నర అంటే తూర్పు తీరంలో రాత్రి పదిన్నర, గుంటూరులో ఆదివారం పొద్దున్న ఎనిమిది. మా నాన్న ఇడ్లీ తింటూ స్కోర్ ఎంత అని మెసేజ్ పెడతారు, అదే సమయానికి న్యూయార్క్‌లో ర్యాంకింగ్ ఓటు వేసే విలేకరి పడుకునుంటాడు. ఆ టైమ్ పెట్టింది మా యూనివర్సిటీ కాదు, టీవీ వాళ్లు. తూర్పు వైపు గేములన్నీ అయిపోయాక రాత్రి స్లాట్ నింపడానికి పడమటి టీములు కావాలి, దానికి మా పడమటి కాన్ఫరెన్స్ పాక్-12 పేరు మీద పాక్-12 ఆఫ్టర్ డార్క్ అని ముద్దు పేరు కూడా ఉండేది. ఎవరూ చూడని టైమ్‌లో పెట్టి, ఎవరూ చూడటం లేదు కాబట్టి చర్చలో చోటు లేదంటే ఇంక మేం ఎవరికి చెప్పుకోవాలి?

2015లో స్టాన్‌ఫర్డ్ కుర్రాడు క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ ఒక్క సీజన్‌లో 3,864 ఆల్ పర్పస్ గజాలు (పరుగులు, క్యాచ్‌లు, కిక్ రిటర్న్‌లు అన్నీ కలిపి) చేశాడు. బ్యారీ శాండర్స్ 1988లో పెట్టిన 3,250 గజాల రికార్డు, దాదాపు మూడు దశాబ్దాలు ఎవరూ ముట్టుకోనిది, దాన్ని దాటేశాడు. అయినా ఏడాదిలో మేటి కాలేజ్ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అలబామా రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీకి వెళ్లింది. హెన్రీ సామాన్యుడేం కాదు, అతనికి ఇవ్వడం తప్పని కూడా నేను అనను. కానీ ఆ ఏడాది మెక్‌కాఫ్రీ ఆటలు ఎన్ని రాత్రి పొద్దుపోయాక జరిగాయో, ఓటు వేసినవాళ్లలో ఎంతమంది వాటిని లైవ్‌లో చూశారో అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. జవాబు ఇప్పటికీ రాలేదు.

మా టీమ్ విషయానికొస్తే ఇంకా సూటిగా కనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ 2022, 2023 సీజన్లు పుల్‌మన్‌లోనే ఆడాడు. ఆ భుజం, ఆ నడక, ఒత్తిడిలో పక్కకి జరిగి విసిరే ఆ త్రో, అన్నీ అప్పుడూ ఉన్నాయి. నేషనల్ షోల్లో అతని పేరు వినడానికి వారాలు పట్టేది. 2024లో మయామీకి మారాడు, ఇక ప్రతి శనివారం పొద్దున్న అతని ముఖమే. హైస్‌మన్‌లో నాలుగో స్థానం, 2025 ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. అతని స్థానంలో మాకొచ్చిన జాన్ మటీర్ 2024లో పాస్‌లు, పరుగులు కలిపి 44 టచ్‌డౌన్లు చేశాడు, అయినా ఆ సీజన్‌లో అతని మీద ఒక్క పూర్తి సెగ్మెంట్ చూసిన గుర్తు నాకు లేదు. డిసెంబర్‌లో ఓక్లహోమాకి వెళ్తున్నానన్నాడు. ఓక్లహోమా అంటే ఇప్పుడు ఎస్‌ఈసీ. కొత్త జెర్సీలో ఒక్క బంతి విసరకముందే, వేసవిలోనే, అతను హైస్‌మన్ రేసులో ఉన్నాడంటూ గంటలకొద్దీ చర్చలు. ఆటగాడు వాడే, చెయ్యి అదే. మారిందల్లా ఆ గేముల హక్కులు ఎవరి దగ్గరున్నాయన్నది.

ఇక్కడ ఆ లెక్క కాస్త చెప్పాలి, కొత్తగా చూసేవాళ్లకి ఇది తెలియదు. ఎస్‌ఈసీ నెట్‌వర్క్ 2014లో మొదలైంది, ఆ ఛానెల్ ఈఎస్‌పీఎన్‌ది. ఏసీసీ (అట్లాంటిక్ తీరం కాన్ఫరెన్స్) నెట్‌వర్క్ 2019లో వచ్చింది, అదీ వాళ్లదే. 2024 నుంచి ఎస్‌ఈసీ ఫుట్‌బాల్ హక్కులు పూర్తిగా ఈఎస్‌పీఎన్, ఏబీసీల దగ్గరే ఉన్నాయి, అంతకుముందు ఆ కాన్ఫరెన్స్‌లో పెద్ద మధ్యాహ్నం గేమ్ సీబీఎస్‌లో వచ్చేది. ఒహాయో స్టేట్, మిషిగన్ ఉన్న కాన్ఫరెన్స్ బిగ్ టెన్, దాని నెట్‌వర్క్‌లో పెద్ద వాటా ఫాక్స్‌ది. నేషనల్ టైటిల్ కోసం పై టీములు ఆడే ప్లేఆఫ్ మొదలైన 2014 సీజన్ నుంచీ దాని ప్రసార హక్కులు ఈఎస్‌పీఎన్ చేతిలో ఉన్నాయి, 2024లో ఆ ఒప్పందాన్ని 2031 సీజన్ దాకా పొడిగించారు. ప్లేఆఫ్‌లోకి ఎవరు రావాలో తేల్చే కమిటీ ర్యాంకింగులు ప్రతి మంగళవారం విడుదలయ్యేది కూడా ఆ ఛానెల్లోనే. అంటే గేములు కొన్నదీ, వాటికి ప్రచారం చేసేదీ, ఎవరు గొప్పో చర్చ పెట్టేదీ, ఆ చర్చని మనకి వార్తగా చూపించేదీ ఒకే ఇల్లు. పెళ్లిళ్ల పేరయ్యని అబ్బాయి గుణగణాలు అడిగితే ఏం చెబుతాడు? అబద్ధం చెప్పనక్కర్లేదు, మంచివి పదిసార్లు చెప్పి మిగతావి ఊరుకుంటే చాలు.

ర్యాంకింగ్ కమిటీ వేరు, ఛానెల్ వేరు, ఆ సంగతి నాకు తెలుసు. పదమూడుమంది కూర్చుని ఓట్లేస్తారు, వాళ్లకి ఎవరో ఫోన్ చేసి చెప్పారని నేను అనడం లేదు. నేను అనేది వేరే. ఆ పదమూడుమందీ మనలాగే టీవీ చూసే మనుషులు, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ప్రతి శనివారం ఏ టీములు గట్టివో వింటూనే ఉంటారు, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకింగ్ పోల్‌లో ఓటేసే విలేకరులూ అంతే. సీజన్ మొదలవకముందే ఒక కాన్ఫరెన్స్ నుంచి ఎనిమిది టీముల్ని టాప్ 25లో కూర్చోబెడితే, ఆ తర్వాత వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు గెలిచినా అది "ర్యాంక్ ఉన్న టీమ్ మీద గెలుపు", ఓడినా "గట్టి టీమ్ చేతిలో ఓటమి". మేం ఓడితే మాత్రం మా అసలు సత్తా బయటపడిందంటారు. ఈ చక్రం ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం.

2023 ఫ్లారిడా స్టేట్ సంగతి చూడండి, అది మా టీమ్ కాదు, మా తీరం కూడా కాదు. 13 గేములు ఆడి పదమూడూ గెలిచారు. నవంబర్‌లో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. మూడో వరస క్వార్టర్‌బ్యాక్‌తో ఆడి ఏసీసీ ఫైనల్‌లో లూయిస్‌విల్ మీద 16-6తో గెలిచారు. ఆ ముందు వారం కమిటీ ర్యాంకింగ్‌లో నాలుగో స్థానంలో ఉన్నవాళ్లు, గెలిచాక ఐదుకి పడిపోయారు. ఒక ఓటమి ఉన్న అలబామా ఎనిమిది నుంచి నాలుగుకి వచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒక్కటీ ఓడకుండా చాంపియన్ అయిన టీమ్‌ని నాలుగు టీముల ప్లేఆఫ్‌లోకి రానివ్వకపోవడం అదే మొదటిసారి. అలబామా జార్జియాని ఓడించింది కదా, మంచి టీమే కదా అంటే, అవును, మంచి టీమే. ఏసీసీ హక్కులు కూడా ఈఎస్‌పీఎన్‌వే కదా, సొంత సరుకుని వాళ్లెందుకు తొక్కుతారని కూడా అడగొచ్చు, అదీ సరైన ప్రశ్నే. కానీ ఆ రెండు వారాలూ నేను కట్టిన డబ్బుకి నాకు దొరికిన చర్చ ఏంటంటే, ఎవరు గెలిచారు అన్నది వదిలేసి ఎవరు "బెస్ట్" అన్నది, అంటే ఎవరు ఆడితే బావుంటుందన్నది. గెలిచిన గేములు లెక్కలోకి రానప్పుడు ఇంక సీజన్ ఆడటం ఎందుకు? తర్వాత ఆరెంజ్ బౌల్‌లో (సీజన్ అయ్యాక పెట్టే ప్రత్యేక గేముల్ని బౌల్ అంటారు), చాలామంది ముఖ్యమైన ఆటగాళ్లు తప్పుకున్నాక, జార్జియా చేతిలో 63-3తో ఓడితే, చూశారా మేం చెప్పలేదా అన్నవాళ్లు కూడా వాళ్లే.

2024లో ప్లేఆఫ్ 12 టీములకి పెరిగింది. ఇండియానా 11 గెలుపులు, ఒక ఓటమితో లోపలికొచ్చింది, నోటర్‌డామ్‌లో 27-17తో ఓడింది. గేమ్ అవుతుండగానే, అసలు వీళ్లు ఇక్కడ ఉండాల్సినవాళ్లా అని మొదలుపెట్టారు. మర్నాడు పెన్ స్టేట్ చేతిలో 38-10తో ఓడిన ఎస్‌ఎమ్‌యూకీ అదే మర్యాద జరిగింది. అదే రాత్రి ఎస్‌ఈసీ టీమ్ టెనెసీ, ఒహాయో స్టేట్ చేతిలో 42-17తో ఓడింది. పాతిక పాయింట్లు! ఇండియానా తేడా పది. టెనెసీకి అక్కడ చోటుందా అన్న ప్రశ్న ఆ రాత్రి హాఫ్ టైమ్‌లో గానీ తర్వాత గానీ నా చెవిన పడలేదు. ఒహాయో స్టేట్ ఎంత బాగా ఆడిందో అన్నారు. ఓటమి ఒకరికి అనర్హత, ఇంకొకరికి అవతలివాళ్ల గొప్పతనం. ఈ రెండు నాలుకల మాటకే నేను ఒక స్టార్ తగ్గించాను. ఆ ఏడాది ఫైనల్ ఒహాయో స్టేట్‌కీ నోటర్‌డామ్‌కీ జరిగింది, అంతకుముందు ఏడాది మిషిగన్‌కీ వాషింగ్టన్‌కీ. రెండు ఫైనల్స్‌లోనూ ఎస్‌ఈసీ టీమ్ లేదు. అయినా చర్చల తీరు మారలేదు.

పాక్-12 కూలిపోయిన తీరు ఈ సర్వీస్‌లో చూసినవాళ్లకి అదేదో తుపాను వచ్చి కూలిందనే అనిపించి ఉంటుంది. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులో వాషింగ్టన్, ఆరిగన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబర్ మొదట్లో స్టాన్‌ఫర్డ్, క్యాల్ ఏసీసీకి. పసిఫిక్ సముద్రం పక్కనున్న యూనివర్సిటీలు అట్లాంటిక్ పేరున్న కాన్ఫరెన్స్‌కి! చివరికి మేమూ ఆరిగన్ స్టేట్ మిగిలాం. ఎంతమంది విశ్లేషకులు వచ్చి పాక్-12 పెద్దల తప్పుల గురించి చెప్పారో లెక్కలేదు. తప్పులు ఉన్నాయి, ఒప్పుకోవాలి, 2012లో పెట్టిన సొంత ఛానెల్‌ని డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ సర్వీస్‌లో ఎప్పటికీ పెట్టించలేకపోయారు. కానీ వెళ్లిపోయిన టీములకి డబ్బిచ్చే కాన్ఫరెన్సుల వెనక ఎవరి టీవీ డబ్బు ఉందో, ఆ మాట అదే టీవీ తెర మీద ఎంతసేపు వినిపించింది? అదే 2023 సెప్టెంబర్‌లో ఒక వారం ఎనిమిది పాక్-12 టీములు ఏపీ టాప్ 25లో ఉన్నాయి, మాది కూడా. చచ్చిపోయిందన్న కాన్ఫరెన్స్ నుంచే ఒక టీమ్ నేషనల్ ఫైనల్ దాకా వెళ్లింది.

ఆ నెలలోనే ర్యాంకున్న రెండు టీములుగా మేమూ ఆరిగన్ స్టేట్ పుల్‌మన్‌లో ఆడాం. ఆ పొద్దున్న ఈఎస్‌పీఎన్ శనివారం షో కాలేజ్ గేమ్‌డేలో, దాని పెద్ద విశ్లేషకుడు లీ కోర్సో మా గేమ్‌ని ఎవరికీ అక్కర్లేనివాళ్ల బౌల్ అన్నట్టుగా ఒక జోక్ వేశారు. ఆయనంటే నాకు గౌరవం, ఆ వయసులో ఆ ఉత్సాహం చూసి ముచ్చటపడేవాణ్ణి. కానీ ఆ మాట విన్నప్పుడు కడుపులో తిప్పింది. ఎవరికీ అక్కర్లేదని ఎవరు తేల్చారు? ఆ రోజు మేం 38-35తో గెలిచాం. గెలిచాక అప్పటి మా కోచ్ జేక్ డికర్ట్ ఆ జోక్‌కి గట్టిగానే జవాబు చెప్పాడు, చాలా రోజుల తర్వాత ఎవరో మా తరఫున మాట్లాడినట్టనిపించింది.

ఆ గేమ్‌డే షోకే మా వాళ్లు ఏం చేశారో కూడా రాయాలి, ఇది ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా తెలుసుకోవాల్సిన సంగతి. 2003 నుంచీ ఆ షో ఏ ఊళ్లో జరిగినా, వెనక జనంలో ఎర్ర జెండా ఒకటి ఊగుతుంటుంది, వాషింగ్టన్ స్టేట్ జెండా. ఓల్ క్రిమ్సన్ అంటారు. మా టీమ్ ఆడకపోయినా, ఆ ఊరికీ మాకూ ఏ సంబంధం లేకపోయినా, ఎవరో ఒక పాత స్టూడెంట్ తెల్లవారుజామునే వెళ్లి ఎత్తి పట్టుకుంటాడు. జెండా ఊరి నుంచి ఊరికి కొరియర్లో వెళ్తుంది. అలా పదిహేనేళ్లు పట్టుకున్నాక 2018 అక్టోబర్ 20న మొదటిసారి ఆ షో పుల్‌మన్‌కి వచ్చింది. తూర్పు టైమ్ ప్రకారం షో కాబట్టి మాకు పొద్దున్న ఆరింటికే మొదలు, చీకట్లో, చలిలో, వేలమంది. అప్పటి మా క్వార్టర్‌బ్యాక్ గార్డ్‌నర్ మిన్‌ష్యూ లాంటి మీసాలు అంటించుకున్న పిల్లలు, వెనకాల ఒకటి కాదు, లెక్కపెట్టలేనన్ని ఎర్ర జెండాలు. ఆ సాయంత్రం హాఫ్ టైమ్‌కి 27-0, చివరికి ఆరిగన్ మీద 34-20. ఆ సీజన్ మొత్తం 11 గెలుపులు, మా యూనివర్సిటీ చరిత్రలో అంతకుముందెప్పుడూ లేనిది. ఇలాంటి అభిమానులున్న టీమ్‌ని ఎవరూ చూడరని చెప్పడానికి మనసెలా ఒప్పుతుందో నాకు తెలియదు.

మరి తీసుకోవాలా వద్దా? మీ కాలేజ్ ఎస్‌ఈసీ లేదా బిగ్ టెన్‌లో ఉంటే, అంటే టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లోనో, మిషిగన్‌లోనో, పర్డ్యూలోనో చదివి ఉంటే, తీసుకోండి, మీ డబ్బుకి మీకు గిట్టుతుంది. మాలాంటివాళ్లయితే ముందు ఇంటి మీదో కిటికీ దగ్గరో ఒక యాంటెన్నా పెట్టుకోండి. ఫాక్స్, సీబీఎస్, ఏబీసీ, ఎన్‌బీసీ, సీడబ్ల్యూ నెలనెలా రూపాయి కట్టకుండా వస్తాయి. 2024లో పాక్-12 అంటే మేమిద్దరమే మిగిలినప్పుడు మా హోమ్ గేములు సీడబ్ల్యూ, ఫాక్స్‌లోనే వచ్చాయి. సీడబ్ల్యూలో మా గేమ్ వచ్చినప్పుడు ఒక తేడా గమనించాను, అక్కడ మా గేమ్ ఆ పూటకి పెద్ద గేమ్, మాట్లాడేవాళ్లు మా గేమ్ గురించే మాట్లాడారు. 2026 నుంచి బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ కలిసి కొత్త పాక్-12. అప్పుడు ఏ గేమ్ ఏ ఛానెల్లో వస్తుందో షెడ్యూల్ చూసుకుని, కావాల్సిన నెలలకే ప్యాకేజీ తీసుకోండి, ఏడాది ప్లాన్ కట్టకండి.

విశ్లేషణ కోసం మాత్రం ఈ సర్వీస్ మీద ఆధారపడొద్దు. సియాటెల్, స్పోకేన్ పేపర్లలో మా టీమ్ వెంట రోజూ తిరిగే విలేకరులు ఉన్నారు, గాయాలు, ప్రాక్టీస్, కొత్తగా చేరిన పిల్లల సంగతులు వాళ్లు రాసినంత వివరంగా నేషనల్ షోలో ఎప్పుడూ వినలేదు. గేమ్‌కి రేడియో కామెంటరీ పెట్టుకోండి. ఇబ్బందల్లా స్ట్రీమ్ వెనకబడి ఉండటం, రేడియోలో టచ్‌డౌన్ అయిపోయాక టీవీలో బంతి ఇంకా సెంటర్ చేతిలోనే ఉంటుంది, రేడియో యాప్‌ని పాజ్ చేసి కలుపుకోవాలి. సినిమాకి నాలుగు భాషల్లో ఆడియో ఇవ్వగలిగిన కంపెనీలకి, ఒక గేమ్‌కి రెండు టీముల లోకల్ రేడియో ఆడియో ఇవ్వడం కష్టమేం కాదు. చాట్‌లో ఇది కూడా అడిగాను, పైవాళ్లకి పంపిస్తామన్నారు. ఆ బటన్ వచ్చిన రోజు ఈ రివ్యూ మార్చి మూడు స్టార్లు చేస్తాను.